నీళ్లు దూరని గిటార్

ఇప్పుడైతే మా దీవుల్లో కూడా ఫోను తీయగానే వీడియో ఉరుకుతుంది గానీ, ఆ రోజుల్లో, అంటే సముద్రం అడుగున కేబుల్ రాకముందు, ఒక్క వీడియో చూడాలంటే మద్రాసు ఓడ కోసం ఎదురుచూసినంత ఓపిక కావాలి. పొద్దున్న ఇంట్లో పాత కంప్యూటర్‌లో నొక్కిపెట్టి కాలేజీకి వెళ్తే సాయంత్రానికి సగం వచ్చేది. మిగతా సగం వస్తే మన అదృష్టం, రాకపోతే తెర మధ్యలో ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉండేది. అందుకే మా వయసు వాళ్లం లోకంలోని విద్యలన్నీ సగం సగమే నేర్చుకున్నాం. నాకు కేకు పొయ్యి మీద పెట్టడం వరకూ వచ్చు, ఎప్పుడు దించాలో రాదు. జడ సగం దాకా అద్భుతంగా అల్లుతాను. ఆ సగం చదువుతోనే, పద్దెనిమిదో ఏట, ఒక చవక ఎలక్ట్రిక్ గిటార్‌ని ఇంట్లో ముక్కలు ముక్కలుగా విప్పి బాగుచేశాను. బాగుచేశాననే అంటాను. పాడుచేశావని మా అమ్మ అంటుంది. ఆ వాదన ఇంకా తేలలేదు, నేను తేలనివ్వను కూడా. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు కదా, నా కుందేలుకు ఈరోజుకీ మూడే.

మాది హోప్ టౌన్. హార్బరుకు అవతల పోర్ట్ బ్లెయిర్, ఇవతల మేము, మధ్యలో ఫెర్రీ. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ పడవలు కట్టడం మొదలుపెట్టాడు, ఆ పని నాన్నకు వచ్చింది. చేపల వేటకు వెళ్లే చిన్న పడవల్ని ఇక్కడ అందరూ డుంగీ అంటారు, మా నాన్నని డుంగీ మేస్త్రీ అంటారు. ఒడ్డున కొబ్బరాకుల కప్పు మీద రేకులు వేసిన షెడ్డు, అందులో నాలుగు చెక్క దిమ్మలు, వాటి మీద ఎప్పుడూ ఒక డుంగీ. ఆ షెడ్డుకి ఒక పద్ధతుండేది. పడవ ఎక్కడ కారుతోందో ఎవరూ చెప్పకూడదు. తెచ్చి దిమ్మల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోవాలి. నాన్న దాని చుట్టూ తిరిగి, వేళ్లతో తట్టి, చెవి ఆనించి, బొక్క ఎక్కడుందో తనే పట్టుకుని మూసేసేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా "మేస్త్రీ, ఇక్కడ..." అని వేలు చూపించబోతే నాన్నకి చిర్రెత్తుకొచ్చేది. "నువ్వే సెప్పెత్తే ఇంక నాను సూడ్డమెందుకు? నువ్వే బాగు సేసుకో" అనేవాడు. దిమ్మల మీద పెట్టినదంటే బాగుచేయమని ఇచ్చినట్టే, బొక్క అంటే మూయాల్సినదే. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి, నా కొంప ముంచినవి ఇవే.

గిటార్ నాకు అబర్డీన్ బజార్‌లో దొరికింది. అదేమీ సంగీత వాయిద్యాల కొట్టు కాదు, క్యారమ్ బోర్డులూ బ్యాడ్మింటన్ బ్యాట్లూ అమ్మే కొట్టు. వాటి మధ్య మేకుకి వేలాడుతూ నల్లగా మెరుస్తూ కనిపించింది. దానితో పాటు టిఫిన్ క్యారేజీ అంత స్పీకరు డబ్బా కూడా ఇచ్చారు. రెండేళ్లు దాచుకున్నదంతా అక్కడ పెట్టి, ఫెర్రీలో దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూస్తూ ఇంటికొచ్చాను. (చూశారు. ఒకాయన క్రికెట్ బ్యాట్ ఎంతకిచ్చారమ్మా అని అడిగాడు.) అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "ఓలమ్మ, ఈ గుంటకేటి పోయేకాలమొచ్చింది! దీన్నెక్కడెడతావు? ఇంట్లో మనకే సోటు నేదు" అంది. నేను మాట్లాడకుండా తీసుకెళ్లి నా మంచం మీద పెట్టి, నేను చాప మీద పడుకున్నాను. ఆ వయసులో నా జవాబులన్నీ ఇలా ఉండేవి.

మా ఊళ్లో వినాయక చవితికి పందిరి వేసి, మధ్యాహ్నం పాటల కార్యక్రమం పెట్టేవారు. ఆ కార్యక్రమానికి రాజు, మంత్రి, సేనాపతి అన్నీ కీబోర్డ్ భయ్యానే. మా దీవుల్లో పుట్టిన తెలుగు మనిషే గానీ నోట్లో హిందీ ముక్కలు తెలుగు ముక్కలు కలగాపులగంగా ఉండేవి. రెండు అంతస్తుల కీబోర్డు, నల్ల కళ్లద్దాలు. పందిరిలో ఎవరు పాడాలి, ఎవరు వాయించాలి, ఎవరు కుర్చీలు వేయాలి, అన్నీ ఆయన ఇష్టం. నేను ఆరు నెలలు ఇంట్లో కూర్చుని మూడు కార్డ్స్, అంటే తీగల మీద వేళ్ల పట్లు, నేర్చుకుని, (వీడియోల పుణ్యమా అని అవి కూడా సగం సగమే), చవితికి నెల ముందు రిహార్సల్‌కి వెళ్లాను. ఆయన స్పీకర్లకు నా గిటార్ తగిలించగానే గుర్రుమని మోత మొదలైంది. నేను ఇంకా తీగ ముట్టుకోలేదు. గుర్రు, గుర్రు, గుర్రు. తీగల మీద చెయ్యి వేస్తే కాస్త తగ్గేది, తీస్తే మళ్లీ లేచేది. కీబోర్డ్ భయ్యా నల్ల కళ్లద్దాలు తీసి మరీ చూశాడు.

"అరే ఛోటీ, యే క్యా లాయీ? గిటార్ తెమ్మంటే జనరేటర్ తెచ్చావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

"కొత్తది కదా భయ్యా, కొంచెం..."

"కొత్తదీ కాదు, పాతదీ కాదు, ఇది ఖిలౌనా. పిల్లలు ఆడుకునే బొమ్మ. నా స్టేజీ మీద ఖిలౌనా నై చలేగా. ఇంటికి పోయి ఆడుకో."

అక్కడ ఏడిస్తే ఏడ్చినట్టే ఉండేది, గొడవ వదిలిపోయేది. కానీ నాకు ఏడుపు వచ్చే దారిలోనే కోపం కూడా వస్తుంది, ఎప్పుడూ కోపమే ముందు చేరుతుంది. "చవితి రోజు ఇదే గిటార్‌తో, ఇదే స్టేజీ ఎక్కుతాను, చూడండి" అన్నాను. భయ్యా నవ్వి, "ఈ మోత లేకుండా తీసుకురా, ఎక్కు. మోత వచ్చిందంటే మాత్రం ఆ రోజంతా నువ్వు కుర్చీలు వెయ్యాలి. మంజూర్?" అన్నాడు. మంజూర్ అన్నాను. పదిమంది ముందు అన్నాను. మా ఊరు చిన్నది, ఫెర్రీ ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు చేరేలోగా ఈ పందెం కూడా అవతలికి చేరింది. ఇక ఆరునూరైనా ఆ గిటార్ ఆ స్టేజీ ఎక్కాల్సిందే.

వెతగ్గా వెతగ్గా ఒక వీడియో దొరికింది. చవక గిటార్‌ని ఇంట్లోనే గొప్ప గిటార్‌గా మార్చుకోవడం ఎలా అని. గడ్డం ఉన్న ఒక విదేశీయుడు, వెనక గోడ నిండా పనిముట్లు. మొదట్లోనే గుర్రుమనే మోత వినిపించి, "మీ గిటార్ కూడా ఇలాగే అరుస్తోందా? చివరికి ఇది పూర్తిగా మాయమవుతుంది" అని ప్రమాణం చేశాడు. నా ప్రాణం లేచొచ్చింది. వీడియో పద్నాలుగు నిమిషాలు. మూడు రోజులు నొక్కిపెడితే ఏడు నిమిషాలు వచ్చింది. తీగలు తీశాడు, మెడ విప్పాడు, ముందువైపున్న తెల్ల ప్లాస్టిక్ పలక ఊడదీశాడు. (వైర్లూ, బటన్లూ, తీగల చప్పుడు పట్టే అయస్కాంతాలూ అన్నీ ఆ పలకకే వేలాడుతూ వచ్చేస్తాయి, కింద చెక్కలో పెద్ద గుంత ఉంటుంది.) పాత రంగు గీకాడు, కొత్త రంగు వేశాడు, ఆరబెట్టాడు. తర్వాత కెమెరా వైపు తిరిగి వేలెత్తి, "ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది..." అన్నాడు. అంతే. ఆ వేలు అలాగే ఉంది, గుండ్రటి గీత తిరుగుతూ ఉంది. నాలుగో రోజూ ఉంది. ఐదో రోజు నేను వదిలేశాను. రంగు వేశాక ముఖ్యమైనది ఇంకేముంటుంది, ఆరనివ్వమని చెబుతాడు, అనుకున్నాను. చిన్నప్పటి నుంచి రంగు డబ్బాల మధ్య పెరిగిన పిల్లని, రంగు గురించి వీడు నాకు చెప్పేదేంటి!

అతను చేసినట్టే తీగలూ మెడా పలకా విప్పి ఇంట్లో పెట్టి, మిగిలిన చెక్కని షెడ్డులో గరుకు కాగితంతో రెండు రోజులు గీకాను. నల్ల రంగు కింద పొరలు పొరలుగా అట్టలాంటి చెక్క బయటపడింది. నాన్న అటుగా వెళ్తూ గోటితో గీరి చూసి, "ఇదేటే, సెక్కేనా? దీన్ని సెక్కంటే సెట్టుకి కోపమొత్తాది" అని వెళ్లిపోయాడు. రంగు ఏది వేయాలన్నది నాకు పెద్ద సమస్య కాలేదు. షెడ్డులో డుంగీలకు వేసే పసుపు ఎనామిల్ అర డబ్బా ఉంది. ఉప్పునీళ్లలో సంవత్సరం నిలబడే రంగు గిటార్ మీద నిలబడదా? రెండు పూతలు వేశాను. చవితి ముందు మా దగ్గర వాన ఎలా ఉంటుందో తెలుసు కదా, తెలియకపోతే చెబుతాను: తువ్వాలు ఆరదు, ఉప్పు ఆరదు, మనుషులే ఆరరు. పసుపు రంగు ఎలా ఆరుతుంది? పెరట్లో అమ్మ ఎండుచేపల దండెం మీద ఒక పూట వేలాడదీశాను. వాన చినుకు పడగానే అమ్మ చేపల్ని లోపలికి తీసుకెళ్లి గిటార్‌ని అక్కడే వదిలేసింది. ("సేపలు తింటాం. అది తింటామా?") ఇక లాభం లేదని దాన్ని షెడ్డులోకి తీసుకెళ్లి, గాలి తగిలే చోటు వెతికి, ఖాళీగా ఉన్న దిమ్మల మీద పడుకోబెట్టి, ఫెర్రీకి ఆలస్యమవుతుందని పరుగెత్తుకుంటూ కాలేజీకి వెళ్లిపోయాను.

అవును. దిమ్మల మీద. ఏమీ చెప్పకుండా.

సాయంత్రం వచ్చేసరికి నాన్న షెడ్డు ముందు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. మొహంలో ఆ వెలుగు నాకు తెలుసు, చాలా కష్టమైన పడవ బాగుచేసినప్పుడు వచ్చే వెలుగు. "రా, సూడు" అన్నాడు. చూశాను. గిటార్‌కి ఒక్క బొక్క లేదు. ముందువైపున్న పెద్ద గుంత లేదు. మెడ దూరే గాడిలో కొత్త చెక్క ముక్క బిగించి ఉంది. స్పీకరు వైరు తగిలించే కన్నం లేదు. మర మేకుల కన్నాలు పదకొండూ లేవు. అన్నీ మూసేసి, నున్నగా పట్టి, పైన ఇంకో పూత పసుపు రంగు కూడా వేసేశాడు. ముందూ వెనకా ఒకేలా ఉంది. పెద్ద పసుపు అప్పడంలా ఉంది.

"ఎవురు సేసినారో గానీ వట్టి తెలివితక్కువోళ్లు" అన్నాడు నాన్న. "అన్నీ బొక్కలే. అట్టలు అట్టలుగా ఉంది, నీరు తగిల్తే ఉబ్బిపోద్ది. అందుకే ఆ పెద్ద బొక్కలో ముందు రాగి రేకు పరిచి మేకులు కొట్టాను. పైన దూదీ గుగ్గిలం దట్టించాను. గంటసేపు జెట్టీ దగ్గిర నీళ్లలో ఏసి సూశాను. సుక్క దూరితే ఒట్టు. తేలింది కూడాను."

నా ఎలక్ట్రిక్ గిటార్ సముద్రంలో గంటసేపు తేలింది. ఊరంతా చూసింది. అప్పుడు నేనన్న మాటలు ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది. "నాన్నా, అది పడవ కాదు! ఆ కన్నాలు ఉండాలి! వాటిలోనే అన్నీ ఉంటాయి! నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అని గట్టిగా అరిచాను. నాన్న చాలా మెల్లగా, "దిమ్మల మీద ఎట్టినావు గదా" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "నీకు పడవలు తప్ప లోకంలో ఏం తెలుసు?" అన్నాను. షెడ్డులో ఇద్దరు పనివాళ్లున్నారు, వాళ్లు తలలు దించుకున్నారు. నాన్న లోపలికి వెళ్లి తన సన్న ఉలి తెచ్చి, పదును తన వైపు పెట్టుకుని, పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. తాత నుంచి వచ్చిన ఉలి అది, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను అది కూడా విసురుగానే లాక్కున్నాను.

చవితికి తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ నేను నాన్నతో మాట్లాడలేదు, ఆ ఉలితో తవ్వుతూ కూర్చున్నాను. దూది, గుగ్గిలం కలిపి దట్టిస్తే ఏమవుతుందో మీకు తెలియదు, నాకు తెలిసింది. రాయి అవుతుంది. మెడ గాడిలోని చెక్క ముక్కని పీకడానికి ఒక రోజంతా పట్టింది. పెద్ద గుంతలోని గుగ్గిలమంతా తవ్వాక అడుగున రాగి రేకు బయటపడింది. అడుగూ, చుట్టూ గోడలూ, ఎక్కడా సందు లేకుండా పరిచి, రాగి మేకులు దగ్గర దగ్గరగా కొట్టి, మొనలు మడిచేశాడు. దాన్ని పీకబోతే చెక్క లేచొచ్చేలా ఉంది. మా నాన్న కొట్టిన మేకు తీయడం మా నాన్నకే రాదు. చేసేది లేక రేకుని అలాగే వదిలేసి, దాని మీదే తెల్ల పలక పెట్టి బిగించాను. రేకు మందం వల్ల అంతా ఇరుక్కుంది, బటన్ల అడుగులు రాగికి ఆనుకుని గట్టిగా కూర్చున్నాయి. కూర్చుంటే కూర్చోనీ అనుకున్నాను. గిటార్‌తో పాటు వచ్చిన స్పీకరు డబ్బా కూడా వాన తేమకి ఎప్పుడో మూగబోయింది, వాయించి చూసుకునే దారి కూడా లేదు. నేరుగా స్టేజీ మీదే తేలాలి.

చవితి రోజు పొద్దున్న నేను గిటార్ తీసుకుని బయల్దేరబోతుంటే నాన్న గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కొబ్బరికాయ, పళ్లెంలో పసుపూ కుంకుమా. అప్పటిదాకా మాట్లాడుకోలేదు కాబట్టి ఇద్దరం గోడ వైపు చూస్తూ మాట్లాడుకున్నాం.

"నా షెడ్డులో రంగేసినదేదీ పూజ సేయకుండా బయటికెల్లదు" అన్నాడు గోడతో.

"సరే, చేసుకో" అన్నాను నేనూ గోడతో.

"పేరు కూడా ఉండాల. పేరు నేకుండా ఏ డుంగీ కదల్దు. ఏటి రాయమంటావు?"

నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు గానీ వచ్చినందుకు ఇప్పటికీ గర్వంగానే ఉంది. "ఖిలౌనా అని రాయి" అన్నాను. నాన్న నా వైపు తిరిగి చూశాడు, తొమ్మిది రోజుల్లో మొదటిసారి. పందెం సంగతి ఊరందరితో పాటు ఆయనకీ తెలుసు. మీసం కింద నవ్వు దాచుకుంటూ, నీలం రంగు కుంచె తీసి, డుంగీల ముక్కు మీద రాసే గుండ్రటి తెలుగు అక్షరాల్లో, పసుపు మీద పెద్దగా ఖిలౌనా అని రాశాడు. (హిందీ మీడియంలో చదివిన నాకు అప్పట్లో తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చేది. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగంతా పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నది.) కొబ్బరికాయ కొట్టాడు. మెడ మీద కుంకుమ బొట్టు పెట్టాడు. పందిరి దాకా వెనకే వచ్చాడు, పది అడుగుల దూరంలో.

పందిరి నిండా జనం. పందెం చూడ్డానికి అవతలి ఒడ్డు నుంచి ఫెర్రీ ఎక్కి మరీ వచ్చారు. కీబోర్డ్ భయ్యా నా పసుపు గిటార్ చూసి, మెడ మీద కుంకుమ చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని ఎండుచేపల వాసన చూసి, "ఛోటీ, ఇది గిటారా, ప్రసాదమా?" అన్నాడు. మళ్లీ నవ్వులు. "దీని మీద క్యా లిఖా హై?" అన్నాడు. ఆయనకి తెలుగు చదవడం అసలు రాదు. "చదువుకోండి భయ్యా" అన్నాను. కుర్చీలన్నీ ఒక మూల పేర్చి సిద్ధంగా ఉన్నాయి. భయ్యా వైరు తగిలించి, స్పీకరు బటన్ తిప్పి, జనం వైపు తిరిగి, వినండి అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

ఏమీ వినిపించలేదు.

భయ్యా బటన్ ఇంకాస్త తిప్పాడు. నిశ్శబ్దం. పందిరి మీద వాన చినుకులు టపటపా పడటం వినిపిస్తోంది. "కనెక్షన్ నై హై, పాడైపోయింది" అంటూ ఆయన వైరు పీకబోతుంటే, నేను ఇక అయిందేదో అయిందని ఉన్న మూడు పట్లలో మొదటిది పట్టి గట్టిగా మీటాను. ఆ శబ్దానికి పందిరి గుంజ మీద కూర్చున్న కాకి ఎగిరిపోయింది. శుభ్రంగా, గుర్రు లేకుండా, గంట కొట్టినట్టు మోగింది. చెయ్యి తీశాను, మళ్లీ నిశ్శబ్దం. వేశాను, మోగింది. భయ్యా నల్ల కళ్లద్దాలు తీశాడు. నేను స్టేజీ దిగేదాకా తీసే ఉంచాడు.

ఆ రోజు రెండు పాటలకి వాయించాను. గొప్పగా వాయించానని చెప్పను, రెండో పాటలో ఒక పట్టు పూర్తిగా మర్చిపోయి అక్కడ వేరేది వేశాను, నలుగురు నా వైపు జాలిగా చూశారు. చూస్తే చూశారు. స్టేజీ మీద ఉన్నాను కదా. పాటలయ్యాక గిటార్ దించబోతే రాలేదు. మూడు పూతల రంగు ఇంకా ఆరక, నా కొత్త కుర్తాకి అతుక్కుపోయింది. అమ్మా, ఇంకొకామె చెరో వైపు పట్టుకుని లాగితే చర్రుమని ఊడింది. కుర్తా మీద గిటార్ నడుము అచ్చు పడింది, ఇప్పటికీ ఉంది, పారేయలేదు. మొదటి వరసలో నాన్న పక్కాయన భుజం తట్టి ఏదో చెబుతున్నాడు. పాట గురించేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, "వానొచ్చినా ఫరవాలేదు, సుక్క దూరదు" అంటున్నాడట. నేను మాత్రం ఆయన్ని క్షమాపణ అడగలేదు. గెలిచాను కదా, గెలిచినవాళ్లు అడుగుతారా? ఉలి కడిగి దాని చోట పెట్టేశాను, మళ్లీ మామూలుగా మాట్లాడుకున్నాం. ఆ సంగతి అలా మూసుకుపోయింది.

మోత ఎలా పోయిందని అందరూ అడిగారు. రంగు వల్ల అని చెప్పాను. వేరే ఏం చేశాను కనుక? వీడియో అతను కూడా రంగు దాకానే చూపించాడు. డుంగీ రంగులో ఏదో గుణం ఉందని, కాలేజీలో పెద్ద శాస్త్రవేత్తలా ఉపన్యాసాలు ఇచ్చాను. గిటార్ ఉన్న జూనియర్లు ఎవరొచ్చినా అదే సలహా. మాయాబందర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి తన మంచి గిటార్‌కి ఆకుపచ్చ ఎనామిల్ వేసి, నెల రోజులు ఆరబెట్టి, మోత అలాగే ఉందక్కా అని వచ్చింది. పసుపే వెయ్యాలి, ఆకుపచ్చ ఎవరు వెయ్యమన్నారు అని తిరిగి కోప్పడ్డాను. కింద పడ్డా పైచేయి నాదే. (చెల్లీ, ఇది చదువుతుంటే, ఆ గిటార్ సంగతి నన్ను అడగొద్దు.)

ఇప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. కేబుల్ వచ్చాక ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఎందుకో ఆ గడ్డం మనిషి గుర్తొచ్చాడు. వెతికితే వెంటనే దొరికాడు. ఏడో నిమిషానికి జరిపాను. అదే వేలు ఎత్తి ఉంది. ఈసారి గుండ్రటి గీత తిరగలేదు, వేలు కదిలింది. "ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. రంగు వల్ల మోత పోదు. లోపలున్న గుంతకి అడుగూ గోడలూ సందు లేకుండా రాగి రేకు పరవాలి. బటన్ల అడుగు ఆ రాగికి తగలాలి. చాలామంది ఈ పని మానేసి రంగు వేసుకుని మురిసిపోతారు" అన్నాడు. నా అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మళ్లీ వెనక్కి జరిపి చూశాను. మూడోసారి చూశాను. వీడియోలో నాకు రాని సగాన్ని, వీడియో అంటే ఏమిటో తెలియని మనిషి, కాలేజీ నుంచి నేను వచ్చేలోగా మేకులు కొట్టి పూర్తిచేసి పెట్టాడు. నేనేమో పనివాళ్ల ముందు ఆయనకి ఏమీ తెలియదని అరిచాను. అంతటితో ఆగక, పన్నెండేళ్లు ఆ గొప్పంతా పసుపు రంగుకి కట్టబెట్టాను.

ఆ ఆదివారం గిటార్ భుజాన వేసుకుని ఫెర్రీ ఎక్కాను. నాన్న షెడ్డులోనే ఉన్నాడు, ఇప్పుడు చూపు తగ్గి కళ్లద్దాలు పెట్టుకుంటున్నాడు. పక్కన కూర్చుని ఫోనులో ఆ భాగం చూపించి, ఆ గడ్డం మనిషి అంటున్నదంతా తెలుగులో చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను, కళ్లు చెమరుస్తాయనుకున్నాను, నా కళ్లయితే అప్పటికే తడిగా ఉన్నాయి. నాన్న ఫోనుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, రేకు అతికించే చోట రెండుసార్లు ఆపించి చూశాడు.

"రేకు బాగానే పరిచాడు" అన్నాడు చివరికి. "మేకులేవి? జిగురుతో అంటించాడు. జిగురుని నమ్ముకుని నీళ్లలో దిగుతారేటి? ఒక్క రోజాగదు."

"నాన్నా, అది నీళ్లు రాకుండా కాదు, మోత రాకుండా" అన్నాను.

"ఏదైతేనేటి. రాకూడనిది రాకుండా మూసినాను గదా" అన్నాడు.

ఇక అప్పుడైనా క్షమాపణ అడగాల్సింది. సారీ అని ఇంగ్లీషులో అయినా, మాఫ్ కరో అని హిందీలో అయినా. నోరు తెరిచాను కూడా. కానీ పద్దెనిమిదేళ్ల నాటి ఆ మొండి పిల్ల ఇంకా నాలో ఎక్కడో కూర్చుని ఉంది, దాని గొంతులోంచి ఆ మాట రాదు. అందుకని లేచి, గిటార్ తీసి, ఖాళీగా ఉన్న దిమ్మల మీద పడుకోబెట్టాను. నీలం అక్షరాలు వెలిసిపోయాయి గానీ ఖిలౌనా అని ఇంకా చదవొచ్చు. ఏమీ చెప్పకుండా మూడు గంటల ఫెర్రీకి నడిచాను. కాస్త దూరం వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, నాన్న దాని చుట్టూ మెల్లగా తిరుగుతూ, వేళ్లతో తడుతూ, వంగి చెవి ఆనించి వింటున్నాడు.